కుడివైపు నిలబడ్డ మనిషి

ప్రియమైన మనవరాలికి,

దీంతోపాటు ఒక నెగటివ్ పంపుతున్నాను. ఒకటే. దూది మధ్య పెట్టి కవరులో ఉంచాను. అందగానే అందినట్టు రాయి.

మీ చిన్నమ్మమ్మ పాఠాలు చెప్పిన బడిలో చదువుకునే గదికి ఆమె పేరు పెడుతున్నారు. గోడకు ఫోటో కావాలన్నారు. పైకప్పు కారిన ఏడాది ఆల్బమ్ అంతా ముద్దయిపోయింది. మిగిలింది ఈ నెగటివే. ఇందులో నల్లబల్ల ముందు అక్కచెల్లెళ్ళం ఇద్దరమే ఉన్నాం. ఆ రోజే నోటుబుక్కులో రాసుకున్నాను: కుడివైపు చెల్లి, ఎడమవైపు నేను.

నీ స్టూడియోలో చెల్లి ముఖం వరకు కత్తిరించి, స్పష్టంగా చేసి పంపు. ఈమె నా చెల్లెలే అని కింద నేను సంతకం పెట్టివ్వాలి. వచ్చే నెల మొదటి శనివారం గడువు. శుక్రవారం కాదు, ఆదివారం కాదు.

వేళకి తిను.

మీ అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మా,

అందింది! మూడుసార్లు లెక్కపెట్టాను, ఒకటే నెగటివ్.

ఫోటో ఇందులో పెట్టాను. మూడు రోజుల పని అనుకున్నా, గంటలో అయిపోయింది. చిన్నమ్మమ్మ ఎంత చక్కగా నిలబడిందో! కంటి రెప్పలు కూడా వచ్చాయి. పక్కన నువ్వే కదిలిపోయి పొగలా ఉన్నావు. ఫోటో అంటే మమ్మల్నందర్నీ గుంజల్లా నిలబెట్టేదానివి కదా, ఇదా నీ సంగతి? అమ్మకి చెప్తే నమ్మలేదు.

వేళకే తింటున్నా. వేళ ఎప్పుడన్నది అడక్కు.

నీ మనవరాలు

*

ప్రియమైన మనవరాలికి,

ఫోటో అందింది. ఎలా రాయాలో తెలియక నాలుగు రోజులు ఆగాను.

ఈమె నా చెల్లెలు కాదు.

చెల్లి కళ్ళలో ఎప్పుడూ ఏదో ఒక అల్లరి ఉండేది. ఈ అమ్మాయి కళ్ళు మరీ మెత్తగా ఉన్నాయి, ఎవరు కసిరినా నీళ్ళు పెట్టుకునేలా. ముక్కూ నుదురూ మాత్రం మా ఇంటివే. నీ మిషను ఎవరి కళ్ళో తెచ్చి అతికించిందా?

సరే, నా ఒక్కదాని మాటెందుకని బడికి తీసుకెళ్ళి ఇద్దరు పాత విద్యార్థులకు చూపించాను. వాళ్ళకే అరవై దాటాయి. చూడగానే ఒకాయన, "అబ్బ, మా టీచరమ్మే! మార్జిన్ కొట్టకపోతే పేజీ చింపి చేతిలో పెట్టేది" అన్నాడు. ఇంకొకామె కళ్ళు తుడుచుకుంది. చెల్లి జన్మలో ఒక్క పేజీ చింపలేదు. మార్జిన్ అంటే ఆమెకి గిట్టదు.

అందరికీ తెలిసిన ముఖం నాకొక్కదానికే తెలియడం లేదు. నా నోటుబుక్కు తప్పు చెప్పదు, నేనూ చెప్పను అనుకునేదాన్ని. డెబ్బై తొమ్మిదేళ్ళకు మతి తప్పుతోందా? చెల్లి ముఖమే చెరిగిపోతే నాలో మిగతావేం నిలిచినట్టు?

నువ్వు ఏం చేశావో దాచకుండా రాయి.

మీ అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మా,

ఒట్టు, ఎవరి కళ్ళూ అతికించలేదు. లేనిది ఊహించి నింపే పనిముట్టు ఒకటుంది, నిజమే. దాన్ని ముట్టుకోలేదు. నేను చేసింది ఇంతే: నలుపు తెలుపుని తాకే అంచు దగ్గర నలుపుని ఇంకాస్త నలుపు, తెలుపుని ఇంకాస్త తెలుపు చేశాను. అప్పుడు గీత తేరుకుని కనిపిస్తుంది. కంటికి కాటుక పెట్టినట్టు. కాటుక పెడితే కన్ను మారదుగా?

కోపం తెచ్చుకోకు. ముప్పై ఏళ్ళు దాటింది కదా ఆవిడ పోయి. ఎవరికైనా మసకబారుతుంది. వాళ్ళిద్దరూ గుర్తుపట్టారంటే అదే అయి ఉంటుంది. సంతకం పెట్టెయ్. కాదంటావా, నింపే పనిముట్టుతో కళ్ళలో కాస్త అల్లరి పెట్టి పంపనా?

నీ మనవరాలు

*

ప్రియమైన మనవరాలికి,

అల్లరి పెడతావా? అది కూరలో ఉప్పు కాదు.

మసకబారిందని నేను ఒప్పుకోబోయాను కూడా. కలం మూత తీశాను. కానీ నీ మొదటి ఉత్తరంలో ఒక మాట అడ్డం పడింది. నేను కదిలానని రాశావు. ఎంత మతి తప్పినా అది జరగదు. ఫోటోగ్రాఫరు "చాలమ్మా" అనేదాకా నేను రెప్ప కూడా వెయ్యను.

కత్తిరించకుండా మొత్తం ఫోటో పంపు. ఇంకా పన్నెండు రోజులుంది.

మీ అమ్మమ్మ

*

అమ్మమ్మా,

ఎలా రాయాలో తెలియడం లేదు. తిట్టు, పడతాను.

మొత్తం ఫోటోని తేటగా చేసేసరికి నల్లబల్ల మీద సుద్ద అక్షరాలు పైకొచ్చాయి. అన్నీ తిరగబడి ఉన్నాయి, అద్దంలో చూసినట్టు. నెగటివ్‌కి ఒకవైపు మెరుపు, ఒకవైపు మసక. ఎటు పైకి పెట్టాలో కొత్తగా చేరినవాళ్ళకి నేనే నేర్పుతాను. నీది మాత్రం తిరగేసి స్కాన్ చేశాను. కుడి ఎడమైంది.

నేను నీకు పంపింది నీ ముఖమే.

నన్నెలా పోల్చుకోలేదూ అంటావేమో. అంత మెత్తటి ముఖంతో నిన్ను నేనెప్పుడూ చూడలేదు అమ్మమ్మా. నీకే తెలియలేదు కదా, నాకేం తెలుస్తుంది?

చిన్నమ్మమ్మని వేరే కవరులో పెట్టాను. సరిగ్గా క్లిక్ అనే క్షణంలో తల తిప్పేసింది. చేతనైనంత చేశాను, అంతకన్నా తేరుకోదు. నింపే పనిముట్టు వాడలేదు. ఆ మొదటి ఫోటో చించెయ్, సరైనది ఇదే.

నీ మనవరాలు

*

ప్రియమైన మనవరాలికి,

శనివారం వెళ్ళొచ్చాను. చెల్లి ఫోటో గోడకెక్కింది. కొంత పొగలానే ఉంది. కళ్ళు ఎటో చూస్తున్నాయి. చూడగానే గుర్తుపట్టాను. దాన్ని పట్టుకోవడం మా అమ్మ వల్లే కాలేదు, కెమెరా వల్ల ఏమవుతుంది? ఏ సందేహమూ లేకుండా సంతకం పెట్టాను.

పాత విద్యార్థి ఊరుకోలేదు. "ఈవిడెవరండీ? మా టీచరమ్మ ఆ ముందరి ఫోటోలో ఆవిడ" అని వాదం. అప్పుడు తట్టింది. ఒక ఏడాది చెల్లి ఏడు నెలలు మంచాన పడింది. ఆమె ఉద్యోగం పోకుండా ఈయన చదివే తరగతికి వెళ్ళింది నేను. పేజీలు చింపిందీ నేనే. ఆ మాట చెబితే ఆయన నన్ను పైకీ కిందకీ చూసి, "మరి మమ్మల్ని అంత బాగా చూసుకునేవారు కదండీ" అన్నాడు. పేజీలు చింపించుకున్నవాడు అనాల్సిన మాటేనా?

మా అమ్మ అనేది, పెద్దదానికి ముఖం నిండా లెక్కలే, చిన్నదానికి దయ అని. నేనూ అదే నిజమని రాసేసుకున్నాను. మళ్ళీ సరిచూడలేదు. నువ్వు అంచులు తప్ప ఏమీ మార్చలేదని ఒట్టు పెట్టావు. అయితే ఆ కళ్ళు అప్పటి నావే అయి ఉండాలి. ఇంకా పూర్తిగా నమ్మకం కుదరడం లేదు.

చించెయ్యమన్నావు. చించలేదు. నిన్న కళ్ళజోడు తీసి, ఆ ఫోటోని పక్కన పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. కళ్ళజోడు లేకపోతే నాకేం కనిపిస్తుంది? రెండు ముఖాలూ మసకే. అయినా కదలకుండా చాలాసేపు నిలబడ్డాను.

మీ అమ్మమ్మ