కొచ్చిలో వేసిన ఒట్టు

ఫిబ్రవరి 3, మంగళవారం

కొబ్బరి దింపు సగంలో ఉండగా అమ్మాయి ఫోను. ఆటలకని వెళ్ళిన కొచ్చి నుంచి. యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఫైనల్‌కి వెళ్ళిందట. ఆదివారం పెద్ద స్టేడియంలో ఆట. "మీరూ మావయ్యా రండి నాన్నగారూ." చివర్లో నవ్వుతూ ఇంకో మాట — ప్రాక్టీసులో బంతికి దూకితే తల గోల్‌పోస్టుకి కొట్టుకుందట. "ఏం లేదండి. కాసేపు అన్నీ రెండేసి కనబడ్డాయంతే. కోచ్ మేడంగారికి చెప్పలేదు. అమ్మతో అనకండి."

ఆయ్ అన్నాను. ఫోను పెట్టేశాక వెంకన్న గుర్తొచ్చాడు.

పోయినేడు మన తోటలోనే దింపు తీస్తూ చెట్టు మీంచి జారి, లేచి కూర్చున్నాడు. నవ్వాడు. సోడా తాగాడు. "చిన్న దెబ్బేనండి." మర్నాడు పొద్దున్న లేవలేదు.

ఫిబ్రవరి 4

సత్యవతి సున్నుండలు కడుతోంది. "దాని గొంతు ఎలా ఉందండీ?" బాగుందన్నాను, మొహం చూడకుండా.

ఫిబ్రవరి 5

రైలు. అమ్మాయి మావయ్య, అదే మా బావగారు, పక్క సీటాయనకి ఫుట్‌బాల్ రూల్సు చెబుతున్నారు. ఆయనకే తెలియవు. నాకు నిద్ర లేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

దిగగానే కొబ్బరిచెట్లు. "తిప్పి తిప్పి మన ముక్తేశ్వరంలోనే దింపేడండి బావగారూ!" అని ఆయన హాస్యం.

ఊరు చూపిస్తానని అమ్మాయి వచ్చింది. పడవలో అవతలి ఒడ్డుకి. మన గోదారి పంటులా కుదుపు లేదు. ఒడ్డున దుంగలకి కట్టిన పెద్ద పెద్ద వలలు. నలుగురైదుగురు తాళ్ళు లాగితే నీళ్ళలోంచి లేస్తాయి. బావగారు కూడా వెళ్ళి ఓ తాడు పట్టారు. వాళ్ళు నవ్వారు.

నేను వలలు చూడలేదు. అమ్మాయినే చూస్తున్నాను. ఎండకి కళ్ళు చిట్లిస్తోంది. టీ గ్లాసు అందుకోబోయి పక్కన పట్టుకుంది — ఏమీ లేనిచోట. నేను చూశానని తనూ చూసింది.

"సముద్రం గాలండి. కళ్ళు మండుతున్నాయి."

ఫిబ్రవరి 7

స్టేడియం. ఖాళీగా ఉంది, అయినా భయం వేసింది. ఇంత పెద్దదనుకోలేదు. పై వరస నుంచి కిందకి చూస్తే మెట్లు నిటారుగా నూతిలోకి దిగినట్టు... అడుగున పచ్చటి గడ్డి. అమ్మాయి రెయిలింగు వదలకుండా దిగింది. మేడ మెట్లు గెంతుకుంటూ దిగే పిల్ల.

గోల్‌పోస్టు దగ్గరికి వెళ్ళనివ్వరు. దూరం నుంచే చూశాను. నా తొడంత లావు.

బావగారు ఫొటోల్లో ఉండగా అడిగాను — మేడంగారికి చెబుదామా అమ్మా?

"చెబితే కూర్చోబెట్టేస్తారు. రేపు సెలెక్షన్ వాళ్ళొస్తున్నారండి. నన్ను మళ్ళీ ఎవరు చూస్తారు?"

నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "చెప్పనని ఒట్టెయ్యండి."

జుట్టు కింద వాపు. వేడిగా చేతికి తగిలింది.

వేసేశాను. బిడ్డ నెత్తి మీద వేసిన ఒట్టు తప్పితే ఆ బిడ్డకే కొడుతుంది — మా అమ్మ మాట. ఎన్ని చదువులు చదివినా మా ఇళ్ళలో ఎవరూ తప్పరు. అమ్మాయికీ తెలుసు, అందుకే వేయించింది.

నిలబెట్టుకున్నా ఆ తలకే కదా దెబ్బ... అప్పుడు తోచలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం. పొద్దున్న

బావగారికి చెప్పేశాను. ఇడ్లీ ముక్క పళ్ళెంలో వదిలేశారు. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి బావగారూ. ముందు పిల్ల." కాసేపటికి ఆయనే — "అయినా నెత్తి మీద చెయ్యేసి ఎందుకు వేసేరండీ?"

ఆయనకీ భయమే.

అదే రోజు, సాయంత్రం. ఆసుపత్రి

స్టేడియం గేటు దగ్గర డప్పులు, జెండాలు, తోపులాట. కాపలా మనిషి నా గుండె మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టాడు. భాష రాదు. జట్టు బస్సు ఆగింది, మేడంగారు దిగారు. "మేడంగారండీ!" అని అరిచాను. ఎవరినీ ఎప్పుడూ అలా పిలిచి ఎరగను.

ఆవిడ దగ్గరికొచ్చారు. "శ్రావణి నాన్నగారా? ఏమైందండీ?"

ఆవిడ వెనకాల అమ్మాయి, చేతిలో గ్లౌజులు. వద్దని తల అడ్డంగా ఊపుతోంది. ఆ ఊపుకే తూలి బస్సు పట్టుకుంది.

చెప్పేశాను.

ఆట ఏమైందో తెలియదు. మేడంగారే కారులో ఇక్కడికి పంపారు. స్కానింగు తీశారు. చూడాల్సిన డాక్టరు ఇంకా రాలేదు. మంచం ఎక్కాక అమ్మాయి ఒక్కటే మాట అంది. "ఒట్టు తప్పేరు నాన్నగారూ. ఇంక నాకేమైనా అయితే ఆ పాపం మీదే." గోడ వైపు తిరిగింది.

సత్యవతి ఫోను. "గెలిచేరా?" ఇంకా ఆడుతున్నారన్నాను.

ఇందాక నర్సు వచ్చింది. పేరు పెట్టి పిలవమని సైగ చేసింది. పిలిచాను. పలకలేదు. నర్సు గబగబా బయటికి వెళ్ళింది.

"కోపమండి బావగారూ. చిన్నప్పుడూ ఇంతే కదా, పిలిస్తే పలికేదా? కోపమే." బావగారు అంటూనే ఉన్నారు. ఆయన గొంతు ఆయనదిలా లేదు.

పెన్ను కింద పెట్టాలంటే భయంగా ఉంది. పెడితే మళ్ళీ పిలవాలి.