సూర్యుడికి ఎదురు తిప్పిన పడవ

అమ్మకు,

నీ సున్నివా ముద్దులతో రాయునది. నేను క్షేమం, పిల్లి క్షేమం, మొన్నటి గాలివానకు ఇంటి కప్పు కూడా క్షేమమే. బోడో ఆసుపత్రిలో నీ కొత్త తుంటి నీ మాట వింటోందని తలుస్తాను. ఫోనులో చెబితే సగంలోనే అరుస్తావని ఉత్తరం రాస్తున్నాను.

పందిళ్ల మీద చేపలు ఆరుతున్నాయా అని అడిగావు. భేషుగ్గా ఆరుతున్నాయి. ఫొటోల కోసం వచ్చే యాత్రికులు ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఇంకో చేత్తో ఫొటోలు తీస్తున్నారు! సరిగ్గా తింటున్నావా అన్నావు. కాడ్ చేప, ఆలుగడ్డలు. ఇంకేం కావాలి?

అసలు సంగతి విను. నాన్న పడవకు ఎంత గిరాకీ అనుకున్నావు! ఫొటోల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు రేవులో నిలబడి ఓసారి తిప్పి తీసుకురమ్మని నన్ను బతిమాలుతున్నారు. బయలుదేరేటప్పుడు మన జాలర్ల ఆనవాయితీగా పడవను సూర్యుడు తిరిగే వైపే ఓ చుట్టు తిప్పుతానా, మన ఎర్ర ఇళ్లు, మంచు కొండ, చేపల పందిళ్లు, సముద్రం అన్నీ గిర్రున వాళ్ల ముందుకొస్తాయి. తమ కోసమే తిప్పానని వాళ్ల సంబరం! నిన్న కొండ కొసకు గులాబీరంగు ఎండ తగిలిందో లేదో, గద్ద ఒకటి చేపను తన్నుకుపోయింది. ఒక పెద్దావిడ ఫొటో తీయడం మరిచి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాననుకో. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న కొండే కదా, నాకేమొచ్చిందో!

ఇక పడవ కొనడానికి నువ్వు పంపిన పెద్దమనిషి. వచ్చాడు, కాఫీ తాగాడు, మంచివాడే. నడిపి చూస్తానన్నాడు. గట్టు విడుస్తూనే పడవను అపసవ్యంగా, సూర్యుడికి ఎదురు తిప్పాడమ్మా! పక్కింటి తోర్లైఫ్ మామ టోపీ తీసి నెత్తి బాదుకున్నాడు.

"ఓయ్ పెద్దమనిషీ! ఎటు తిప్పుతున్నావయ్యా? ఇంక చేపలు నీ మొహం చూస్తాయా?"

"ఎటు తిప్పితే ఏముంది తాతా, వెళ్లేది ముందుకేగా!"

మామ నా వైపు తిరిగి, "పిల్లా, ఇది మీ నాన్న పడవ. ఆపైన నీ ఇష్టం" అన్నాడు.

పడవ అమ్మనని ఆయనకు చెప్పేశాను. ఒక్క తప్పు చుట్టుకే నేను బేరం వదులుకున్నానని ఊరంతా మెచ్చుకుంటోంది. నీకు మాత్రం నిజం చెబుతాను. ఆయన సవ్యంగా తిప్పినా అమ్మేదాన్ని కాదు. వంక కోసం చూస్తున్నాను, దొరికింది.

బోడోలో నువ్వు చూసిపెట్టిన కొట్టు ఉద్యోగానికి నేను రానమ్మా. నాన్నను ఉంచుకుని పడవను మాత్రం తిరిగి పంపిన సముద్రమిది. నీ భయం నాకు తెలియదా? నాకూ భయమే. అయినా ఆ సముద్రం మీద ఉంటేనే నాకు సంతోషం, ఏం చేయను!

తిట్టాలనుంటే ఇంటికొచ్చి కడుపారా తిట్టు. ఆసుపత్రి నుంచి పంపించగానే నిన్ను తీసుకురావడానికి మన పడవలోనే వస్తాను. ఎక్కుతావా, అమ్మా?

ఇట్లు,
నీ మొండి కూతురు
సున్నివా