పండక్కి కోసిన కూజాలు

రెంబా,

మన ఊళ్ళో ఫోను కలవడం లేదు, అందుకే ఈ ఉత్తరం పడవవాడి చేతికిస్తున్నాను. నిన్న నేను ఇంట్లో లేనప్పుడు అమ్మ ఊరినుంచి వచ్చి, పండక్కి బియ్యం పోసి ఉడికించడానికి నా వరండాలో కూజా మొక్కల ఆకుల చివర వేలాడే కూజాలన్నీ కోసుకుపోయిందట. "వాడికి పెంచడమే తెలుసు, తినడం చేతకాదు" అని పక్కింటావిడతో నవ్విందట.

అవి ఏటా మీరు కోసుకొచ్చే కొండమీది కూజాలు కావు చెల్లీ. పిండినల్లి పట్టిందని పోయినవారమంతా మందు కొట్టాను. పురుగుల్ని తినే మొక్కకి పురుగుమందేమిటని నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఆ మందు కడిగితే పోయేది కాదు, ఉడికిస్తే విరిగేదీ కాదు. ఎవరినీ ముట్టుకోనివ్వకు.

ముందు నీ చంటిదాన్ని చూడు. తొలి కూజా అమ్మ ఎప్పుడూ దానికే తినిపిస్తుంది.

మీ అన్నయ్య