మొలవని గింజలకు నీళ్ళు పోసిన బి సెక్షన్

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

నాంపల్లిలో రైలు పట్టాల పక్కనున్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల జీవశాస్త్ర ఉపాధ్యాయుడు శ్రీపతి వ్రాసుకొను అర్జీ.

విషయం: నేల పునరుద్ధరణ పరిశోధన పేరిట మా విద్యార్థులకు జరిగిన మోసంపై విచారణ కోరుట గురించి.

అయ్యా,

1. మా బడి వెనక అరెకరం స్థలం ఉన్నది. కూల్చిన ఇళ్ళ మట్టి, నాలాల్లోంచి తీసిన పూడిక ఏళ్ళ తరబడి అక్కడే పోశారు. ఆ నేలకు మళ్ళీ ప్రాణం పోసే పరిశోధనలో బడిపిల్లలను, బస్తీవారిని భాగస్వాములను చేస్తామంటూ నిరుడు జూలైలో ఒక సంస్థ వచ్చింది. దాని పేరు, చిరునామా జతపరచిన కాగితంలో ఉన్నవి. సంస్థ తరఫున వచ్చిన మృదుల గారు పిల్లలతో పాటు కింద కూర్చుని మధ్యాహ్న భోజనం చేశారు. "ఇవాళ్టి నుంచి మీరంతా సైంటిస్టులే," అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

2. అప్పటి ఏడో తరగతి ఎ సెక్షన్‌కు గోడవైపు సగం, బి సెక్షన్‌కు పట్టాలవైపు సగం నేల కేటాయించారు. తంగేడు, వెంపలి, గడ్డి గింజల పొట్లాలు మూడు నెలలకోసారి ఇచ్చేవారు. నెలకోసారి పిల్లల ఫొటోలు తీసి, వారి చేత ఒక కాగితం నింపించేవారు. "గింజ మొలుస్తుందని నీకు నమ్మకం ఉందా?" అన్న ప్రశ్న కింద ఐదు ముఖాల బొమ్మలుండేవి, ఏడుపు ముఖం నుంచి నవ్వు ముఖం దాకా. ఒకదానికి టిక్కు పెట్టాలి.

3. ఎ సెక్షన్ వైపు పచ్చబడింది. బి సెక్షన్ వైపు ఒక్క మొలకా రాలేదు. ఎ సెక్షన్ పిల్లలు వీళ్ళకు "బంజరు సెక్షన్" అని పేరు పెట్టారు. నేను కూడా, టైముకు నీళ్ళు పోయడం లేదని బి సెక్షన్‌ను రెండుసార్లు ఎండలో నిలబెట్టి కోప్పడ్డాను. ఈ వాక్యాన్ని తమరు దయచేసి రెండోసారి చదవగలరు.

4. బి సెక్షన్‌లో కీర్తి అనే అమ్మాయి ఉన్నది. ఊళ్ళో వ్యవసాయం సాగక నగరానికి వచ్చిన కుటుంబం. తల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దగ్గర కూలిపని చేస్తుంది. ఒకనాడు కీర్తి మగ్గు పట్టుకుని దూరంగా నిలబడి, తన వంతు నీళ్ళు పక్క బెంచీ రశ్మి చేత పోయిస్తున్నది. ఎందుకని అడిగాను.

"నా చెయ్యి మంచిది కాదు సార్. నేను పోస్తే మొలుస్తలేవు," అన్నది.

పదమూడేళ్ళు కూడా నిండని పిల్ల.

5. ఆ తరువాతి వారం కీర్తి నాయనమ్మ పోశవ్వ బడికి వచ్చింది. నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి. కొంగు ముడి విప్పి రెండు తడి గుడ్డలు నా బల్ల మీద పరిచింది.

"సారూ, గిది ఎ సెక్షన్ పొట్లంల గింజ. గిది మా పిల్ల పొట్లంలది. రెండూ పదేసి గింజలు ఒక్కనాడే తడిబట్టల కట్టిన. జర సూడున్రి."

మొదటి గుడ్డలో ఆరు గింజలు మొలకెత్తి ఉన్నవి. రెండో గుడ్డలో ఏవీ పగలలేదు. ముక్కిపోయిన వాసన వచ్చింది.

"గిది సచ్చిన గింజ సారూ. ఎవలో పెంక మీద వేసి ఏంచిన్రు. ఏడాది నీళ్ళు వోసినా గింతే."

నేను జీవశాస్త్రం ఎం.ఎస్సీ. చదివినవాడిని. "అమ్మా, ఇవి సైంటిస్టులిచ్చిన గింజలు. వాళ్ళకు తెల్వదా?" అన్నాను.

"ఔ సారూ, మీరు సదువుకున్నోళ్ళు," అని గుడ్డలు ముడుచుకుని వెళ్ళిపోయింది.

అయినా మనసు ఆగక మృదుల గారికి ఫోన్ చేశాను. ఆవిడ నవ్వి, "ఇంట్లో వేడికి పాడై ఉంటాయి సార్. పిల్లల్ని ఓపిక పట్టమనండి, మీ మాటైతే వింటారు," అన్నారు. పట్టమన్నాను. విన్నారు. వేసవి సెలవుల్లో కూడా వచ్చి నీళ్ళు పోశారు.

6. ఈ నెల మొదటి శనివారం అబిడ్స్‌లో ఒక హోటల్ హాలులో సంస్థవారు సభ పెట్టి నాకు శాలువా కప్పారు. వారి నివేదిక ఒకటి చేతికిచ్చారు. బస్సు కోసం పోస్టాఫీసు ఎదుట నిలబడి తిరగేశాను. ఇరవై మూడో పేజీలో మా బడి ఉన్నది. అక్కడి ఇంగ్లీషుకు నా తెలుగు ఇది:

"రెండో జట్టుకు వేడిచేసి మొలకశక్తి పోగొట్టిన విత్తనాలు ఇవ్వబడినవి. ఫలితం కనబడకపోయినా పిల్లల ఆసక్తి ఎంతకాలం నిలుస్తుందో కొలుచుటయే ఉద్దేశం. ముప్పై ఎనిమిది మందిలో ఇరవై ఒక్కరు పదకొండో నెల వరకు నీరు పోయుట మానలేదు. ఇది ప్రోత్సాహకరము."

అయ్యా, వాళ్ళు పరిశోధించినది నేలను కాదు, మా పిల్లలను. నాలుగు బస్సులు వచ్చి పోయినవి. నేను ఎక్కలేదు.

7. అక్కడి నుంచే మృదుల గారికి ఫోన్ చేశాను.

"సార్, పోల్చడానికి ఇంకో జట్టు లేకపోతే అది పరిశోధనే కాదు. పిల్లలకు నష్టమేం జరగలేదు కదా? పైగా సమ్మతి పత్రం మీద మీరే సంతకం పెట్టారు," అన్నారు.

నిజమే. పద్నాలుగు పేజీలు. ఆవిడ పిల్లలతో కూర్చుని పప్పన్నం తినడం చూశాక చదవాలనిపించలేదు. చివరి పేజీ తీసి సంతకం పెట్టాను.

8. కావున తమరిని వేడుకొనునది: సదరు సంస్థవారు మా బడి ప్రార్థన సమయంలో నిలబడి, తాము చేసినదేమిటో బి సెక్షన్ పిల్లలకు తెలుగులో చెప్పాలి. పిల్లల ఫొటోలు, టిక్కులు పెట్టిన కాగితాలు తిరిగి ఇచ్చివేయాలి. ఈ వానలు వెళ్ళిపోకముందే బతికున్న గింజలు ఇప్పించాలి. గింజలు ఇచ్చే ముందు వాటిని పోశవ్వకు చూపించాలి. చదవకుండా సంతకం పెట్టినందుకు నా మీద తమరు ఏ చర్య తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

పిల్లలను నమ్మించిన గొంతు నాది గనుక, ఈ అర్జీని సంస్థ మీది ఫిర్యాదుగా మాత్రమే గాక నా వాంగ్మూలంగా కూడా తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
శ్రీపతి

తాజా కలము: ఈ అర్జీ రిజిస్టరు పోస్టులో పంపే ముందు, పిల్లలకు చెప్పకుండా తమకు చెప్పడం న్యాయం కాదనిపించింది. ఈ ఉదయం బి సెక్షన్‌ను నేల దగ్గరికి తీసుకెళ్ళి అంతా చెప్పాను. రశ్మి ఏడ్చింది. కీర్తి ఏడవలేదు.

"మీకెప్పుడు తెల్సింది సార్?" అని అడిగింది.

"పన్నెండు రోజులైతుంది."

"పన్నెండు రోజుల సంది మేం నీళ్ళు పోస్తుంటే మీరు గీడనే నిలవడి చూసిన్రు గద సార్. ఎందుకు జెప్పలే?"

మంచి మాట కోసం వెతుకుతున్నానని చెప్పబోయాను. కీర్తి తన చేతిలోని మగ్గు నా చేతిలో పెట్టి తరగతిలోకి వెళ్ళిపోయింది. మిగిలిన పిల్లలు కూడా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.