అడిగినా వేయించొద్దన్న సూది

అమ్మకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ పాప క్షేమం, నేను క్షేమం, నీ అల్లుడూ క్షేమమే అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నీ మోకాళ్ల సంగతి మాత్రం నువ్వు రాయకుండా దాటేశావు. అంటే బాగా లేవన్నమాట. నాకు తెలియదనుకోకు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పాలు సరిపోతున్నాయి. కుట్లు మానాయి, కూర్చుని లేచేటప్పుడు మాత్రం లాగుతున్నాయి. పాప ముక్కు మన వైపుది కాదు, ఆ దిగులు నువ్వే పడాలి. కుట్టు షెడ్డుకి వచ్చే నెల నుంచి వెళ్తాను. నా మిషను మీద ఇప్పుడు గుండీలక్క కూర్చుని కాలర్లు కుడుతోందట, అన్నీ వంకరేనట. గుండీలు కుట్టే చెయ్యి కాలర్ల మీద పెడితే అంతే మరి.

ఇక చివర్లో అడిగావు: "ఇన్ని ఉత్తరాలు రాశావు, ఒక్కదాంట్లోనూ అల్లుడి ఊసు లేదు. పోట్లాడుకున్నారా?" అని. లేదమ్మా. పోట్లాడుకున్నా బాగుండేది.

మందుల్లేని కాన్పు మీద నా కరపత్రాల పిచ్చి నీకు కొత్త కాదు. నీ వంటగది గోడకి అంటించి తిట్లు తిన్నదాన్నే కదా. "నొప్పి మన శత్రువు కాదు, నొప్పికి భయపడేలా చేసి మన ఒంటిని మన చేతుల్లోంచి లాక్కునేవాడే శత్రువు" అని ఒకదాంట్లో ఉంది. ఆ వాక్యం చదివితే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది, అబద్ధం చెప్పను. గుండీలక్క తన కాన్పులో ఎపిడ్యూరల్ వేయించుకుంది. వెన్నులో సూదితో సన్నటి గొట్టం పెట్టి నొప్పి తెలియకుండా మందు ఎక్కిస్తారే, అదే. ఓ రోజు భోజనాల దగ్గర అందరి ముందూ అనేశాను, "బిడ్డని నువ్వు కనలేదక్కా, డాక్టరు కన్నాడు" అని. ఆవిడ టిఫిను డబ్బా మూత పెట్టి, "నీ నోటికి కూడా నొప్పులొస్తాయి కదా, అప్పుడు చూద్దాంలే" అని లేచి వెళ్లిపోయింది.

నువ్వు కూడా రాశావు, "వేయించుకోవే. నిన్ను కన్నప్పుడు అలాంటిది ఉండుంటే డాక్టరు కాళ్లు పట్టుకునైనా వేయించుకునేదాన్ని" అని. దానికి నేనేం రాశానో నీకు గుర్తుండే ఉంటుంది. మీ తరం లొంగిపోయింది, మేం లొంగం అని.

నీకు చెప్పనిది ఒకటుంది. లొంగిపోతానేమోనని నాకూ భయంగానే ఉండేది. అందుకే కాపలా పెట్టుకున్నాను. నీ అల్లుడు లిఫ్టులు బాగుచేసే మనిషి కదా. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే లోపలివాళ్లు ఎంత గగ్గోలు పెట్టినా అక్కడ తలుపు తీయకూడదు, కిందికి దించాకే తీయాలి. అతను ఎన్నిసార్లు ఎన్ని తిట్లు తిన్నాడో, ఒక్కసారి కూడా తీయలేదు. ఇంతకంటే మంచి కాపలాదారు ఎక్కడ దొరుకుతాడు? అతనితో ఒట్టు వేయించుకున్నాను. నేను అడిగినా సరే, ఆ సూది వేయనివ్వకూడదని.

ఒట్టుతో ఊరుకోలేదు, వంటింట్లో రిహార్సల్సు కూడా పెట్టాను. గచ్చు మీద పడుకుని పొట్ట పట్టుకుని, "చచ్చిపోతున్నా, సూది వేయించు" అని మూలిగేదాన్ని. అతను కంగారుపడి "సరే సరే, వేయిస్తా" అనేవాడు.

"అలా కాదు మొద్దూ! 'ఈ మాట నొప్పి అంటోంది, నువ్వు కాదు' అనాలి. మళ్లీ!"

"ఒట్టు వెనక్కి తీసుకున్నా అంటావనుకో?"

"'ఇలా అంటావని కూడా చెప్పావు' అను."

"మరి నిజంగానే కావాలంటే? ఓ గుర్తు పెట్టుకుందాం. నా చెయ్యి రెండుసార్లు గట్టిగా నొక్కు, వేయించేస్తా. మా పనిలో గుర్తు లేకుండా ఏదీ చేయం."

"తలుపుందని తెలిస్తే తోసుకుని పారిపోతాను. గుర్తూ లేదు, గాడిదగుడ్డూ లేదు."

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. నేనే ఎక్కువ నవ్వాను.

ఆస్పత్రిలో చేరిన సాయంత్రం మత్తు డాక్టరు వచ్చి ఓపిగ్గా అంతా వివరించాడు. ఆయనకీ క్లాసు పీకాను. "భయాన్ని అమ్ముకునే వ్యాపారం మీది. రేపు నేను ఏడ్చినా పట్టించుకోకండి, మా ఆయన మాటే నా మాట" అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, "అలాగేనమ్మా" అన్నాడు.

కరపత్రంలో నొప్పిని అలతో పోల్చారు. రాసినవాడెవడో పిల్లల్ని కనలేదు. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండుతారు చూడు, నా నడుముని అలా పిండారు. నీళ్లు పోయాక కూడా పిండుతూనే ఉన్నారు. కేకలు వేశాను, మంచం ఇనుప కడ్డీ కొరికాను. చివరికి అడిగాను.

మత్తు డాక్టరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఆపరేషనుకి వెళ్తున్నాను. వేయాలంటే ఇప్పుడే. లోపలికి వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తానో చెప్పలేను."

"వేయండి సార్! మీ కాళ్లు పట్టుకుంటా, వేయండి!"

ఆయన నీ అల్లుడివైపు చూశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా అప్పజెప్పాడు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. "ఈ మాట నొప్పి అంటోంది, నువ్వు కాదు."

"ఒట్టు వెనక్కి తీసుకుంటున్నాను. వినపడుతోందా? తీసుకుంటున్నాను!"

"ఇలా అంటావని కూడా చెప్పావు."

నర్సుకి ఒళ్లు మండింది. "ఏమయ్యా, మనిషి గిలగిల్లాడిపోతుంటే నాటకం ఆడుతున్నావా? ఆవిడే అడుగుతోంది కదా!"

"నిన్న నాకు చెప్పింది కూడా ఈవిడే సిస్టర్" అన్నాడు డాక్టరు. "ఏడ్చినా పట్టించుకోవద్దంది. భయం అమ్ముకునేవాణ్ని కదా, కొననివాళ్ల దగ్గర నాకేం పని?"

అని వెళ్లిపోయాడు. నర్సు వెనకే పరిగెత్తింది కానీ ఆపరేషను గది తలుపులు అప్పటికే వేసేశారు. నేను అతని చెయ్యి నొక్కుతూనే ఉన్నానమ్మా. ఎన్నిసార్లో తెలియదు. గుర్తు వద్దన్నది నేనే కదా. నొప్పికి నొక్కుతున్నాననుకుని, రెండో చెయ్యి కూడా పైన వేసి నిమిరాడు.

పాప పుట్టేసరికి చీకటి పడింది. నన్ను కుడుతుంటే అతను నా నుదుటి మీద చెంప ఆనించి, "సాధించావు" అని ఏడ్చాడు. ఆ చెంప కొరికేద్దామనిపించింది. పళ్లు బిగించే ఓపిక లేక ఊరుకున్నాను.

సూది లేకుండా కన్నానని నీకు గొప్పగా రాశాను. అసలు సంగతి ఇది. అతను గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు వినగానే నా కాళ్లు వాటంతటవే పాపతో సహా పక్కగదిలోకి నడుస్తున్నాయి. న్యాయంగా చూస్తే అతని తప్పు ఆవగింజంత కూడా లేదు. నాకు తెలుసు. నా ఒంటికి తెలియడం లేదు. నువ్వు "అతను" అని రాసినందుకు తిడతావు కానీ, అంతకంటే దగ్గరి మాట నా కలానికి రావడం లేదు.

ఈమధ్య అతనితో పనిచేసే కుర్రాణ్ని, వాడి పెళ్లాన్ని ఇంటికి తీసుకొచ్చాడు. ఆ పిల్లకి నెలలు నిండాయి. నా గురించి పనిచోట అందరికీ చెప్పుకుని మురిసిపోతున్నాడట. పక్కన కూర్చుని, "చెప్పు, నువ్వే చెప్పు" అన్నాడు, కళ్లు మెరుస్తుంటే.

ఆ పిల్ల అడిగింది, "నిజంగా భరించగలమా అక్కా?"

"సూది వేయించుకో. నేను కాళ్లు పట్టుకుంటానన్నాను. ఇదిగో, ఈయన వేయనివ్వలేదు."

వాళ్లు టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. అతను ఆ గ్లాసులు వంటింట్లో పెట్టి వచ్చి, "ఆ రోజు నిజంగానే అడిగావా?" అన్నాడు.

"నిజంగానే."

"మరి నువ్వే కదా..." అని ఆగిపోయాడు. ఆ మాట పూర్తిచేసి ఉంటే నేను అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, ఏదో ఒకటి తేలిపోయేది. పూర్తిచేయలేదు. "నేర్పింది నేనే, నువ్వేం చేస్తావు" అని నేనైనా అనొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది. వంగి పాప మూతి తుడిచాను.

అప్పటినుంచి అతనికి నా ఏ మాట మీదా నమ్మకం లేదు. కిటికీ మూయమంటే "నిజంగానా?" అంటాడు. పాపని ఎత్తుకోమంటే చేతులు చాచి, ఆగి, "నిజంగానే ఇస్తున్నావా?" అంటాడు. మొన్న లిఫ్టులో ఇరుక్కున్న ముసలాయన అరిచాడని అంతస్తుల మధ్యే తలుపు తీసేశాడట. ఆయన ఎలాగో పాకి బయటపడ్డాడు. మేస్త్రీ నానా తిట్లూ తిట్టి ఇంటికి పంపాడు. అన్నం ముందు కూర్చుని ఆ సంగతి చెబుతూ నావైపు చూశాడు. నేను కూర వడ్డించాను. జాలి పడ్డానని రాస్తే నీకు బాగుంటుంది. కాస్త తృప్తి పడ్డాను.

ముగ్గుర్నీ రమ్మన్నావు. నేనూ పాపా వస్తున్నాం. తిరిగి ఎప్పుడు వెళ్తానని అడగకు, సర్దిచెప్పకు. ఇక్కడ స్టేషనుకి అతనే తీసుకెళ్తాడు. "నిజంగానే వెళ్తున్నావా?" అంటాడు. నిజంగానే అంటాను. ఈసారి మాత్రం నమ్ముతాడు.

ఇట్లు,
నీ మాట వినని
నీ కూతురు