తోడు లేని మనిషి

కనోరా, మే 1979

ప్రియమైన దార్యా,

వారం నుంచి ఎండ కాస్తోంది గానీ నేల ఇంకా తడిగానే ఉంది. నిన్న పల్లపు పొలంలో ట్రాక్టరు దిగబడితే పక్క పొలం మెట్రో వచ్చి లాగాడు. ఇవాళ గోధుమ విత్తడం మొదలుపెట్టాం. ఎర్రావు ఈనింది. కోడెదూడ.

ఫోన్లో ఎందుకు చెప్పలేదో నీకు తెలుసు. మన ఫోను లైను ఒక్కటే ఆరిళ్ళకి, ఎవరు మాట్లాడుతున్నా ఓల్గా పిన్ని రిసీవరు ఎత్తి వింటుంది, ఇక దించదు. నాకు ముద్ద దిగడం లేదు. చలికాలంలో మాంసం అడ్డుపడేది, ఇప్పుడు మెత్తటి పిరోహీ కుడుములు కూడా దిగడం లేదు. బీట్‌రూట్ చారు మీద నెట్టుకొస్తున్నాను. ఊళ్ళో డాక్టరు మీ పెద్దాసుపత్రికి రాశాడు. గొంతులోకి గొట్టం వేసి చూడాలట. నువ్వు నేర్చుకుంటున్నది అదే కదా. నీ పేరు చెప్పుకుని మాత్రం వరసలో ముందుకు జరగను.

మీ అన్న,
ఒరెస్ట్

---

మే నెలాఖరు

ఒరెస్ట్ అన్నయ్యా,

ముద్ద దిగకపోవడం తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. ఆసుపత్రి తారీఖు రాగానే నాకు రాయి, పక్కనే నిలబడతాను. విత్తనాలు మెట్రో చూసుకుంటాడు.

నా చదువు కుంటుతోంది. గొట్టం తిప్పేటప్పుడు చెయ్యి మొరాయిస్తుంది. నిన్న రోగి మెలకువగా ఉండగానే, మాకు నేర్పే డాక్టర్ విట్కోం, "ఏమ్మా, దూడని లాగుతున్నావా?" అన్నాడు. తోటివాళ్ళు నవ్వారు. నోట్లో గొట్టంతో ఆ ముసలావిడ నా వైపే చూస్తూ ఉండిపోయింది. ఇలాగే ఉంటే ఇంటికి పంపించేస్తానని ఆయన రెండుసార్లు అన్నాడు.

నీ చెల్లెలు,
దార్యా

---

జూన్

అన్నయ్యా,

నీ నుంచి జవాబు లేదు. పొలం పనుల్లో పడ్డావనుకుంటున్నాను. తారీఖు వచ్చిందా?

ఇక్కడ ఒక మంచి మాట విన్నాను, నీకు తప్ప ఎవరికి చెప్పుకోను. బుధవారం విట్కోం రావడం ఆలస్యమై, ఆయన రోగుల్ని నేను చూడాల్సి వచ్చింది. పేర్లు కూడా నాకు తెలియవు. నర్సు తెర పక్కకి వచ్చి, "ఒకాయన ఒంటరిగా వచ్చాడమ్మా. మత్తు ఇస్తే బండి నడపకూడదు, తీసుకెళ్ళేవాళ్ళు లేరు. మత్తు లేకుండానే కానిచ్చేయమంటున్నాడు. పాపం, చాలా దూరం నుంచి వచ్చాడు" అంది.

మత్తు లేకపోతే మనిషి గింజుకుంటాడు. ఆ సమయానికి విట్కోం వస్తే నా చెయ్యి తడబడడం చూస్తాడు. అది నర్సుతో అనలేదు. "నియమం నియమమే. తోడు తెచ్చుకుని రమ్మను" అన్నాను. తల తిప్పలేదు. విట్కోం అప్పటికే వెనక నిలబడి ఉన్నాడు. "ఇవాళ డాక్టరులా మాట్లాడావు" అన్నాడు.

దార్యా

---

కనోరా, సెప్టెంబరు

ప్రియమైన దార్యా,

వానలు ముందే పట్టుకున్నాయి. కోత ముగించాం గానీ గింజ రంగు మారింది.

నీ జూన్ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. ఒంటరిగా వచ్చినవాణ్ణి నేనే. విత్తనాల మధ్యలో తారీఖు పడింది, మెట్రోని పొలంలోంచి లాగడం ఇష్టం లేకపోయింది. నీకు తెలిస్తే ముందుకు జరిపిస్తావని రాయలేదు. నీ అత్తింటి పేరు వేరు కనక అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. తెర ఇవతల నుంచి నీ గొంతు గుర్తుపట్టాను. మా చెల్లెలే అందామనుకున్నాను. అంటే నీకు చిన్నతనమని టోపీ పెట్టుకుని వచ్చేశాను.

మెట్రోకి చెబితే తిట్టాడు. "తలతిక్కోడా, బయట ట్రక్కులో పెళ్ళాం ఉందని చెప్పొద్దూ?"

"నాకు పెళ్ళెప్పుడైందిరా?"

"వాళ్ళేమన్నా వచ్చి చూస్తారా?"

మళ్ళీ ఆగస్టు చివర్లో తారీఖిచ్చారు. మెట్రో తోడొచ్చాడు. నువ్వు సెలవులో ఉన్నావన్నారు. ఎవరో కొత్త డాక్టరు చేశాడు. గొట్టం దిగే దారి లేదు. తర్వాత తీసిన ఫోటోల్లో గడ్డ కాలేయానికి కూడా పాకిందని తేలింది. ఇక కోసి తీయడానికి లేదట. "ఇంత ఆలస్యంగా వచ్చారేం?" అని అడిగాడు. పొలం పనులన్నాను. మెట్రో నోరు తెరవబోతే కాలు తొక్కాను.

నీ పరీక్షలయ్యాక రా. ముందు రావద్దు. ఇంతదాకా వచ్చిన చదువు అక్కడే ఆపితే ఆ రోజు నేను తిరిగొచ్చినందుకు ఫలితం ఉండదు.

ఆవుల్ని యార్క్‌టన్ బేరగాడికి ఇచ్చేశాను. సోమవారం పొద్దున తోలుకెళ్ళాడు. ఎర్రావూ దాని దూడా ఆఖరున లారీ ఎక్కాయి.

ఒరెస్ట్