చేదాకు తింటున్న పురుగులు

సూరత్,
ఆషాఢ మాసం

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు సునీత నమస్కారాలు. నేనిక్కడ క్షేమమే. నీకు నెలలు నిండుతున్నాయి, కాళ్ల వాపు తగ్గిందా? అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాన్న బీపీ మాత్రలు వేళకు వేసుకుంటున్నాడా?

నా గురించి బెంగపడొద్దు. బమ్రోలిలో పిన్ని వాళ్లింట్లో బాగానే ఉన్నాను. మగ్గాల చప్పుడు అలవాటైంది. వాన మాత్రం వదలడం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కారప్పొడి పంపు.

ల్యాబులో నా పని టేకు ఆకులు తినేసే గొంగళిపురుగులను పెంచడమని చెప్పాను కదా. పోయిన వానాకాలం డాంగ్ అడవి నుంచి తెచ్చినవి, చేదు కషాయం పూసిన ఆకు పెడితే పస్తయినా ఉండేవి గాని ముట్టేవి కావు. మేడం సంబరపడి, అదే కషాయం అడవిలో చల్లి చూద్దామని ఫారెస్టు వాళ్లకు చెప్పింది. ఎండాకాలం ఆకు రాలిపోయాక, వాటి సంతతిని శనగపిండి ముద్ద మీద పెంచాను. మొన్న వాటికి అదే చేదాకు పెడితే ఈనెలు మిగిల్చి తినేశాయి.

"డబ్బాలు తారుమారు చేశావా?" అంది మేడం. చేశానేమోనని నాకే అనుమానం. కషాయం కొత్తగా కాచి మళ్లీ పెట్టాను. మళ్లీ తిన్నాయి. ముద్ద తిని తిని వాటి రుచే మారిందా? అడవిలోవాటిని నమ్మాలా, నా డబ్బాలోవాటినా? ఏమీ పాలుపోవడం లేదక్కా.

పిన్నికి చెబితే, "పురుగులు తింటున్నయ్ గని నువ్వే తింటలేవు. ఏందే గిట్ల? జర అన్నం తిను" అంది.

సోమవారం ఫారెస్టు ఆఫీసర్లు వచ్చారు. మేడం అడవి పురుగుల సంగతి ఒక్కటే చెప్పింది. చివర్లో ఒక పెద్దాయన నావైపు తిరిగి, "బేటీ, చల్లితే తినవు కదా?" అని అడిగాడు.

"అడవివి తినలేదు సార్. ముద్ద మీద పెంచినవి తిన్నాయి. ఎందుకో నాకు తెలియదు" అన్నాను.

చల్లే ఆలోచన ప్రస్తుతానికి ఆపేశారు. మేడం నా ముఖం చూడలేదు. మర్నాడు మాత్రం తనే పిలిచి, "అడవికి వెళ్లి కొత్త పురుగులు తీసుకురా. సగం ఆకు మీద, సగం ముద్ద మీద పెంచు. ఇద్దరం కలిసి చూద్దాం" అంది. కోపం పోయిందో లేదో పోల్చుకోలేకపోయాను.

ఈ పురుగులు ఈ వానల్లోనే దొరుకుతాయి. అందుకే నీ పురుటికి రాలేనక్కా. నీ పక్కన ఉంటానని మాటిచ్చి, వీటి పక్కన కూర్చోవడం తప్పో ఒప్పో తేల్చుకోలేకపోతున్నాను. నువ్వే చెప్పాలి.

అమ్మానాన్నలకు నా దండాలు. బావను అడిగానని చెప్పు. తిట్టాలనిపిస్తే మనసులో దాచుకోకు, నాలుగు ముక్కలు రాసి తిట్టు.

నీ దీవెన కోరే చెల్లెలు,
సునీత